నడుముకు రోజూ పది నిమిషాలు

పత్తి తీసే కాలంలో ఆలూరు చుట్టుపక్కల నడుము నొప్పి మాట వినబడని ఇల్లు తక్కువ. ఒడి కట్టుకుని సాళ్ల వెంట వంగి నడిచే ఆడవాళ్లు, ఆదోని మార్కెట్‌లో మూటలు మోసే హమాలీలు, ఎమ్మిగనూరులో గుంట మగ్గం మీద వంగి నేసేవాళ్లు... పనులు వేరైనా పొద్దుగూకేసరికి మాట ఒకటే: "నడుము పట్టేసింది." సుగ్గికని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయినవాళ్లకైతే ఆ నొప్పి ఇంటికి తిరిగొచ్చాకా వదలదు.

ఇంత కష్టం చేసే మనుషుల్లో ఓర్పుకు కొదవ లేదు. అయితే ఆ ఓర్పంతా నొప్పిని భరించడానికే పోతోంది. పళ్ల బిగువున పని ముగిస్తాం. లేవలేని రోజున నొప్పి బిళ్ల మింగుతాం, సూది వేయించుకుంటాం. కాస్త తగ్గిందంటే మళ్లీ మామూలే. నొప్పి ఉన్నప్పుడు ఎవరైనా జాగ్రత్త పడతారు. నొప్పి లేని రోజున కూడా శరీరాన్ని పట్టించుకోగలగడం వ్యక్తిత్వ బలం.

2020 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో దాదాపు 62 కోట్ల మందికి నడుము నొప్పి ఉంది. వీరిలో చాలామందికి ఎక్స్‌రేలో కనిపించే ప్రత్యేక కారణమేదీ ఉండదు. రోజుల తరబడి మంచం దిగకపోతే కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వ్యాయామాన్ని సూచించాయి. నడుము బెల్టులను మామూలు చికిత్సగా వాడవద్దన్నాయి.

ఇంట్లో చాప ఉంటే చాలు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి, పాదాలు నేలకు ఆనించండి. కుడి మోకాలిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఛాతీ వైపు తెచ్చుకోండి. నడుము కింది కండరం సాగుతున్నట్టు తెలిసిన చోట ఆగండి. ఊపిరి బిగబట్టకుండా ఇరవై సెకన్లు ఉంచి వదిలేయండి. తర్వాత ఎడమ మోకాలు. ఇలా రెండు మూడుసార్లు చేశాక, భుజాలు నేల విడవకుండా రెండు మోకాళ్లనూ కలిపి ఒకసారి ఇటు, ఒకసారి అటు వాల్చండి. చివరగా అరచేతులు, మోకాళ్లు నేలకు ఆనించి మార్జాలాసనం వేయండి. ఊపిరి వదులుతూ వీపును పైకి గుండ్రంగా లేపాలి, పీలుస్తూ కిందికి దించాలి.

సాగినట్టు అనిపిస్తే సరైన చోటే ఉన్నారు. పొడిచినట్టు అనిపిస్తే వెనక్కి రండి. మొదటి రోజే కాలివేళ్లు అందుకోవాలన్న పంతం పనికిరాదు. నిన్న మీ మోకాలు ఎంతవరకు వచ్చిందో అదే ఇవాళ్టి కొలత. పక్కవాళ్లతో పోటీ మానుకుని తన హద్దు తాను తెలుసుకోవడం ఇక్కడ అలవడుతుంది.

చేనులో ఉన్నా వీలుంది. సాలు కొసకు చేరినప్పుడల్లా నిటారుగా నిలబడి, అరచేతులు నడుముకు ఆనించి, మెల్లగా నాలుగైదుసార్లు వెనక్కి వంగండి. మగ్గం పనిలో మధ్యమధ్య గుంటలోంచి లేచి నాలుగడుగులు వేయండి. నలుగురూ ఏమనుకుంటారోనన్న బిడియం వద్దు. ఒకరు మొదలుపెడితే జట్టంతా చేస్తుంది.

నొప్పి తగ్గాక నడకను మానకండి. 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, నడక కార్యక్రమంలో లేనివారిలో సగం మందికి 112 రోజుల్లోనే నొప్పి తిరగబెట్టింది. నడక సాగించినవారిలో అంతమందికి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది.

ఒక హెచ్చరిక మాత్రం మరవొద్దు. కాలు మొద్దుబారినా, బలం తగ్గినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, కిందపడ్డాక నొప్పి మొదలైనా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి. అలాంటప్పుడు ఓర్చుకోవడం ప్రమాదం.

ఇంటిల్లిపాదికీ ఇచ్చిన మాట తప్పని మనం, మనకు మనం ఇచ్చుకున్న మాటను తేలిగ్గా తప్పుతాం. నడుము కోసం రోజూ పది నిమిషాలు కేటాయించడం ఆ మాట నిలబెట్టుకునే అభ్యాసం. పొద్దున పనికి పోయే ముందో, రాత్రి పడుకునే ముందో ఒక వేళ పెట్టుకోండి. ఒకరోజు తప్పితే మర్నాడు మళ్లీ చాప పరచండి. మీ కష్టం మీద ఇల్లు నిలబడుతున్నప్పుడు, మీ నడుమును కాపాడుకోవడం కూడా ఆ ఇంటి బాధ్యతల్లో ఒకటి.