కంచన్‌బాగ్‌లో కేబుల్ వెంట కొలువులు

హైదరాబాద్‌లో ఒవైసీ జంక్షన్, మిధాని జంక్షన్‌ల మధ్య ఉన్న ఫ్లైఓవర్‌ను 2021 డిసెంబరులో ప్రారంభించి ఏపీజే అబ్దుల్ కలాం పేరు పెట్టారు. ఆ పేరు ఊరికే పెట్టింది కాదు. 1982లో రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా వచ్చిన కలాం, మరుసటేడు మొదలైన సమీకృత క్షిపణి కార్యక్రమాన్ని నడిపింది ఈ కంచన్‌బాగ్ నుంచే. లోహాల పరిశోధనకు డీఎంఆర్‌ఎల్ 1963లో, క్షిపణుల తయారీకి భారత్ డైనమిక్స్ (బీడీఎల్) 1970లో, ప్రత్యేక మిశ్రమ లోహాలకు మిధాని 1973లో వచ్చాయి. సైబరాబాద్ అన్న మాట పుట్టకముందే పాతబస్తీ అంచున ఇంత టెక్నాలజీ పోగైంది.

ఆ ప్రహరీలకు ఇవతల హఫీజ్ బాబానగర్, సంతోష్‌నగర్, చాంద్రాయణగుట్ట. ఐటీఐ, డిగ్రీ, ఇంజినీరింగ్ చదివిన పిల్లలకు ఇక్కడ కొదవలేదు. వాళ్ల చూపు మాత్రం పడమటి వైపే. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ఉద్యోగమంటే అటే అన్న లెక్క స్థిరపడింది. ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు బస్సులు మారి వెళ్లాలి, సాయంత్రం మళ్లీ అంత దూరమూ తిరిగి రావాలి.

ఇప్పుడు గల్లీ మొదట్లోనే ఫైబర్ డబ్బా వేలాడుతోంది. అది వచ్చింది కదా అని ఉద్యోగం ఇంటికి నడిచి రాదు. సినిమాలకు, రీల్స్‌కు ఎంత వేగం ఉన్నా బస్తీ సంపాదన పెరగదు. పక్కనున్న పరిశ్రమకు, పాతబస్తీ వ్యాపారాలకు నెట్ మీద ఏ పని చేసిపెట్టే మనుషులు కావాలో తెలుసుకుని, ఆ పని నేర్చినప్పుడే ఆ తీగ అన్నం పెడుతుంది. అలాంటి దారులు ఇక్కడ కనీసం ఐదున్నాయి.

తీగ వేస్తే ఏమవుతుంది?

అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలోని చట్టనూగా ఒకప్పుడు కార్ఖానాల ఊరు. అక్కడి కరెంటు సంస్థ ఈపీబీ సొంతంగా ఫైబర్ లాగి, 2010లోనే సెకనుకు ఒక గిగాబిట్ వేగాన్ని ఊరంతటికీ అందుబాటులోకి తెచ్చింది. పదేళ్లయ్యాక స్థానిక యూనివర్సిటీ ఆర్థికవేత్త బెంటో లోబో లెక్క కడితే సుమారు 269 కోట్ల డాలర్ల ప్రయోజనం, 9,500కు పైగా ఉద్యోగాలు తేలాయి. అందులో నెట్ వల్ల వచ్చిన కొత్త వ్యాపారాలే కాదు, కరెంటు పోకపోవడం వల్ల మిగిలిన డబ్బూ ఉంది. అదే ఫైబర్ మీద నడిచే స్మార్ట్ గ్రిడ్ లైన్లో లోపాన్ని వెంటనే పసిగట్టి సరఫరాను మరో దారికి మళ్లిస్తుంది. ఆ మేరకు దుకాణాలకు, ఫ్యాక్టరీలకు నష్టం తప్పింది.

తెలుగు నేల మీదా ప్రయత్నాలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, 2017 డిసెంబరులో అధికారికంగా మొదలైంది. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అన్నది దాని తొలి ఆకర్షణ. తెలంగాణలో టీ-ఫైబర్ వేరే ఉపాయం ఎంచుకుంది: మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలూ వేయడం. తవ్వకం ఖర్చు కలిసొచ్చింది.

హైదరాబాద్ నగరంలో మాత్రం ఎక్కువ కేబుల్ స్తంభాల మీదే వేలాడుతోంది. దాని ప్రమాదం 2025 ఆగస్టులో తెలిసొచ్చింది. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్లను తొలగించడం మొదలుపెట్టింది. చాలాచోట్ల నెట్ ఆగిపోయింది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. ఉద్యోగం వెతుక్కునే కుర్రాడు ఈ వార్తలో చూడాల్సింది వేరే ఉంది. తీగను పద్ధతిగా, అనుమతితో, ప్రాణభయం లేకుండా వేసే పనివాళ్ల అవసరం ఇక పెరుగుతుంది.

మొదటి దారి: స్ప్లైసింగ్

ఫైబర్ అంటే గాజు పోగు. పైపూతలు తీసేస్తే దాని మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుతురు నడిచే నడిమి భాగం 9 మైక్రాన్లే. తెగిన చోట జాయింటు వేయాలంటే ముందు ట్యూబుల రంగులు చూసుకోవాలి: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, ఇలా ఒక వరస ఉంటుంది. వరస తప్పితే ఒకరి నెట్ ఇంకొకరి ఇంటికి పోతుంది. పూత ఒలిచి, ఆల్కహాలుతో తుడిచి, క్లీవర్‌తో కొసను నిటారుగా కత్తిరించి, రెండు కొసలనూ స్ప్లైసింగ్ మెషీన్లో ఎదురెదురుగా పెడతారు. సన్నని విద్యుత్ మెరుపు వాటిని కరిగించి అతుకుతుంది. తెర మీద లాస్ 0.02 డెసిబెల్ అని చూపిస్తే జాయింటు బాగా పడ్డట్టు. 0.1 దాటితే కోసి మళ్లీ వేయాల్సిందే.

ఇంట్లో నెట్ పెట్టెకు ఎర్ర లైటు వెలిగిందంటే వెలుతురు అందడం లేదని అర్థం. లోపం ఎక్కడుందో ఓటీడీఆర్ అనే పరికరం మీటర్లలో చెబుతుంది. ఈ మెషీను చూడటం వచ్చినవాడికి, నిచ్చెన వేసుకుని స్తంభం స్తంభం వెతికేవాడికి జీతంలో తేడా ఉంటుంది.

పది పాసైనవారు, ఐటీఐలో ఎలక్ట్రానిక్ మెకానిక్ చేసినవారు ఈ పనికి సరిపోతారు. టెలికం సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ధ్రువీకరించే ఆప్టికల్ ఫైబర్ స్ప్లైసర్, బ్రాడ్‌బ్యాండ్ టెక్నీషియన్ కోర్సులున్నాయి. చేరే ముందు ఒక్క ప్రశ్న అడగాలి: శిక్షణలో ఒక్కొక్కరి చేత ఎన్ని జాయింట్లు వేయిస్తారు? వీడియో చూపించి సర్టిఫికెట్ ఇచ్చే చోట చేరి ప్రయోజనం లేదు.

పని పెరిగేకొద్దీ అనుమతుల సంగతీ తెలిసినవాడు సూపర్‌వైజర్ అవుతాడు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద వచ్చిన రైట్ ఆఫ్ వే నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. తవ్వే ముందు అక్కడ నేల కింద ఎవరి తీగలు, గొట్టాలు ఉన్నాయో అడిగేందుకు 2023 మార్చిలో కేంద్రం ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. ఈ రెండూ తెలిసిన పది పాసైన కుర్రాడి మాటకు సైటు మీద విలువ ఉంటుంది.

రెండో దారి: టెండరు చదవడం

ప్రభుత్వ రంగ సంస్థ పక్కనే లేత్ షాపు ఉన్నంత మాత్రాన ఆర్డరు రాదు. ఇవాళ కొనుగోళ్లు ప్రభుత్వ ఆన్‌లైన్ సంత ‘జెమ్’ పోర్టల్ మీదా, కేంద్ర ప్రభుత్వ ఈ-ప్రొక్యూర్‌మెంట్ సైటు మీదా నడుస్తున్నాయి. 2016 ఆగస్టులో జెమ్ వచ్చాక మిధానికి సరుకు అమ్మాలన్నా కోయంబత్తూరు షాపూ, కంచన్‌బాగ్ షాపూ ఒకే తెర ముందు పోటీ పడాలి. దగ్గరున్నామన్న ఆసరా పోయింది. నిజానికి చిన్న పరిశ్రమకు చట్టం ఇచ్చిన ఆసరా తక్కువేం కాదు. కేంద్ర శాఖలు, సంస్థలు ఏటా కొనేదాంట్లో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచే కొనాలి. అందులో ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికులకు 4 శాతం, మహిళలకు 3 శాతం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న అర్హులకు ధరావతు మినహాయింపు ఉంది. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం బిల్లు 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే ఫిర్యాదు పెట్టొచ్చు.

షాపు యజమానికి ఇవన్నీ చూసే తీరిక ఉండదు. ఆ ఖాళీలోనే ఉద్యోగం ఉంది. బీకాం, బీఏ చదివి, ఇంగ్లిష్ పత్రాన్ని ఓపిగ్గా చదవగలిగితే టెండర్ ఎగ్జిక్యూటివ్‌గా కుదురుకోవచ్చు. నాలుగైదు చిన్న షాపుల పని ఒక్కరే చూడొచ్చు కూడా. డిజిటల్ సంతకం, ఉద్యమ్ నమోదు, సరుకు వివరాలు ఎక్కించడం, రివర్స్ వేలంలో ఎక్కడ ఆగాలో తెలియడం, ఇవి నేర్చుకోవాలి. అన్నిటికన్నా ముందు ఆలస్య రుసుము నిబంధన చదవాలి. జెమ్‌లో ఆలస్యమైన సరుకు విలువ మీద వారానికి అర శాతం, గరిష్ఠంగా 10 శాతం దాకా కోత పడుతుంది. లాభమే పది శాతం ఉన్న ఆర్డరులో ఆ కోత ఏం చేస్తుందో యజమానికి ముందే లెక్క వేసి చూపించినవాడు ఆ షాపుకు అవసరమైన మనిషి అవుతాడు.

మూడో దారి: డ్రాయింగు నుంచి లోహం దాకా

మిధాని చేసే టైటానియం మిశ్రమాలు మామూలు ఇనుములా కోతకు లొంగవు. పుట్టిన వేడి తురుముతో బయటికి పోకుండా పనిముట్టు కొసనే నిలుస్తుంది. అందుకే వేగం తగ్గించి, కూలెంట్ ధారగా పోస్తూ కోయాలి. ఆ కోత దారిని ముందే కంప్యూటర్లో గీసి, సీఎన్‌సీ మెషీనుకు పంపే మనిషే క్యామ్ ప్రోగ్రామర్. అయిన ముక్కను మైక్రాన్ల లెక్కన కొలిచేవారు సీఎంఎం ఆపరేటర్. కంప్యూటర్లో డ్రాయింగు గీసే క్యాడ్ మాత్రమే వచ్చినవారు చాలామంది దొరుకుతారు, మెషీను దగ్గర నిలబడి చెయ్యి నల్లబడ్డ క్యాడ్ మనిషి దొరకడమే కష్టం.

బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఈ విద్యలకు పేరున్న చోటు. రామంతాపూర్ జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలో ఎలక్ట్రానిక్స్, ప్రాసెస్ ఇన్‌స్ట్రుమెంటేషన్‌కు చాలా ఏళ్ల చరిత్ర ఉంది. ఇక్కడ బ్రాడ్‌బ్యాండ్ చేసే మేలు ఏమిటంటే, పగలు షాపులో పని చేస్తూ రాత్రి ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా వినొచ్చు. ఐటీఐ ట్రేడుల పాఠాలు, ప్రశ్నల బ్యాంకులు భారత్ స్కిల్స్ పోర్టల్లో ఉన్నాయి.

నాలుగో దారి: సైబర్ కాపలా

రక్షణ రంగానికి సరుకిచ్చే షాపులో డ్రాయింగు వాట్సాప్‌లో తిరగకూడదు. పెన్‌డ్రైవ్ ఎవరి చేతికి వెళ్లిందో రాసి ఉండాలి. పాత ఉద్యోగి మెయిల్ పాస్‌వర్డు అతను మానేసిన రోజే మార్చాలి. పెద్ద కంపెనీలకు ఇందుకో విభాగం ఉంటుంది, పది మంది పనిచేసే షాపుకు ఉండదు. బీఎస్సీ కంప్యూటర్స్, బీటెక్ వారు ఈ చిన్న షాపుల నెట్‌వర్క్, బ్యాకప్, భద్రత చూసే పనితో అనుభవం సంపాదించొచ్చు. పై చదువుకు సీ-డాక్ సంస్థ సీ-క్యాట్ పరీక్ష ద్వారా సిస్టమ్స్, సెక్యూరిటీ పీజీ డిప్లొమాలో చేర్చుకుంటుంది.

ఐదో దారి: గాజుల కొలత

పాతబస్తీ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లాడ్‌బజార్‌లో అయితే దుకాణదారు చెయ్యి చూసి సైజు తీస్తాడు. ఆన్‌లైన్లో చెయ్యి కనిపించదు. గాజుల సైజు 2-4 అంటే రెండుంపావు అంగుళాలు, అంటే రెండంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు. లోపలి వ్యాసం 57 మిల్లీమీటర్లు. 2-6 అంటే సుమారు 60, 2-8 అంటే 63.5. కొన్నామె 2.4 అంగుళాలని చదువుకుంటే సైజు తప్పుతుంది, పార్సిల్ తిరిగొస్తుంది, రెండుసార్లు ప్రయాణం చేసిన లక్క పగులుతుంది.

ఫొటో కింద మిల్లీమీటర్ల కొలత, ఇంట్లో ఉన్న గాజును కొలుచుకునే పద్ధతి, పగలని ప్యాకింగ్, జీఎస్టీ కోడ్, వాపసుల లెక్క. ఈ పనులన్నీ కలిపితే కేటలాగ్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ నాలుగూ మాట్లాడే పాతబస్తీ పిల్లలకు ఇక్కడ సహజంగానే పైచేయి.

గేటు లోపలికి వెళ్లాలంటే

కంచన్‌బాగ్ సంస్థల్లోకి కొత్తవారు ఎక్కువగా అడుగుపెట్టేది అప్రెంటిస్‌షిప్‌తో. ఐటీఐ వారు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్లో, డిప్లొమా, డిగ్రీ వారు న్యాట్స్ పోర్టల్లో ముందే పేరు నమోదు చేసుకోవాలి. ప్రకటన వచ్చాక మొదలుపెడితే ఆధార్‌లో ఒక పేరు, మార్కుల మెమోలో ఒక పేరు ఉన్న సంగతి చివరి రోజు బయటపడుతుంది. అప్రెంటిస్‌షిప్ పూర్తయితే శాశ్వత ఉద్యోగం ఖాయమని ఎవరూ మాట ఇవ్వరు. ఆ అనుభవంతో నగరంలోని ప్రైవేటు రక్షణ, అంతరిక్ష కంపెనీల తలుపు తట్టడం తేలిక. డీఆర్‌డీవో టెక్నీషియన్, టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులకు సెప్టామ్ పరీక్ష వేరేగా ఉంటుంది.

బీడీఎల్‌లో, మిధానిలో పోస్టు ఇప్పిస్తామంటూ ఫోన్‌పే చేయమనే సందేశాలను నమ్మకూడదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి.

ఇక ఎవరు ఎక్కడ మొదలుపెట్టాలి? పది పాసైనవారికి ఫైబర్ పని. ఐటీఐ మెషినిస్టు, ఫిట్టర్లకు అప్రెంటిస్‌షిప్, దానితోపాటు క్యామ్. బీకాం వారు జెమ్‌లో ముగిసిన టెండర్లను తెరిచి, ఎవరు ఎంతకు గెలిచారో వారానికి రెండు చొప్పున చదివితే ఆరు నెలల్లో చేయి తిరుగుతుంది. ఇంటర్‌తో చదువు ఆగిన అమ్మాయిలు తెలిసిన దుకాణం నుంచి ఇరవై జతల గాజులు తెచ్చి, ఫోన్‌తో ఫొటోలు తీసి, కొలతలు, బరువు, ధర ఒక షీట్‌లో రాసి యజమానికి చూపిస్తే చాలు. జీతం గురించి మాట్లాడటానికి అదే బయోడేటా.