ఆశ్రయం – ఆరోగ్యం

వార్ధక్యం జీవితంలో ఒక దశయే కాని వ్యాధి కాదు. అయినా ఆ దశలో దేహానికి ప్రత్యేక సంరక్షణ అవసరమని మన పూర్వులు గుర్తించారు. ఆయుర్వేదాన్ని ఎనిమిది అంగాలుగా విభజించి చెప్పిన వాగ్భటుడు ‘జర’ను, అనగా ముసలితనాన్ని, వాటిలో ఒకటిగా పేర్కొన్నాడు. ఒకప్పుడు ఆ సంరక్షణ ప్రధానంగా ఇంటిలోనే జరిగేది. ఉమ్మడి కుటుంబాలు సన్నగిల్లి, సంతానం ఉపాధికై దూరప్రాంతాలకు తరలిపోవడంతో నేడు ఎందరో పెద్దలు వృద్ధాశ్రమాలలో ఆశ్రయం పొందుతున్నారు.

వీరి సంక్షేమానికై 2007లో పార్లమెంటు తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని ఆమోదించింది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు వసతినిచ్చే ఆశ్రమాలను రాష్ట్ర ప్రభుత్వాలు దశలవారీగా నెలకొల్పవచ్చునని ఆ చట్టం చెబుతున్నది. ప్రభుత్వ ఆసుపత్రులలో వృద్ధులకు వీలైనంతవరకు పడకలు, ప్రత్యేక వరుసలు ఉండాలని కూడా పేర్కొన్నది. 2010–11లో కేంద్ర ప్రభుత్వం వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు ఒక జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. జిల్లా ఆసుపత్రిలో 10 పడకల వార్డు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికొకసారి వృద్ధులకు ప్రత్యేక వైద్యపరీక్షలు అందులో ఉద్దేశించిన అంశాలు.

ఆశ్రయానికి చట్టం ఉన్నది. చికిత్సకు కార్యక్రమం ఉన్నది. ఈ రెంటి నడుమ వారధి లేకపోతే ఏమగును?

ఒక సన్నివేశాన్ని ఊహించండి. అర్ధరాత్రి ఆశ్రమంలో ఒక వృద్ధురాలు జారిపడి తలకు గాయమైనది. 108 వాహనంలో ఆసుపత్రికి చేర్చారు. వెంట వెళ్ళిన సహాయకునికి ఆమె పేరు తప్ప మరేమీ తెలియదు. ఆమె రక్తాన్ని పలుచబరిచే మాత్రలు వాడుతున్నదన్న ఒక్క సమాచారం చికిత్సాగతినే మార్చగలదు. అది వైద్యునికి అందలేదు. వారం తరువాత ఆమె కోలుకొని తిరిగివచ్చినది. ఆసుపత్రి రాసిన కొత్త మందు, పాత డబ్బాలోని మందు పేర్లు వేరైనా ఒకటేనని ఎరుగక రెండూ ఇచ్చారు. మేలుకై ఇచ్చిన మందే కీడు చేసినది. ఆసుపత్రికి వ్యాధి తెలుసు. ఆశ్రమానికి మనిషి తెలుసు. ఒకరికి తెలిసినది మరొకరికి చేరలేదు.

దీని నివారణకు భారీ వ్యయం అక్కరలేదు. ప్రతి ఆశ్రమవాసికీ ఒక ఆరోగ్య పుస్తకం ఉండాలి. వ్యాధులు, మందుల మోతాదులు, పడని మందులు, ఆత్మీయుల ఫోను నంబరు అందులో రాయాలి. సమీప ఆరోగ్య కేంద్రం వైద్యుడు నియమిత దినాన ఆశ్రమానికి వచ్చి దానిని పరిశీలించాలి. ఆసుపత్రి నుండి పంపునప్పుడు మారిన మందులను ఆశ్రమ నర్సుకు వివరించాలి. అన్నింటికంటె ముందు ఆ వృద్ధుల అభిప్రాయాన్ని అడగాలి. ఆ దేహం వారిది.

విద్యార్థులారా! మీ ఇంటి పెద్దలు ప్రతిదినం వేసుకొనే మందుల పేర్లు మీరు చెప్పగలరా? చెప్పలేనిచో, ఈ సాయంత్రమే వారి పక్కన కూర్చుని ఆ జాబితా రాయండి.