ప్రాణాయామంతో నరాలకు నెమ్మది: చేయవలసినవి – చేయకూడనివి

గాలి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. వదిలే శ్వాస నిదానమయ్యేకొద్దీ మెదడు నుంచి గుండెకు, పొట్టకు దిగే వేగస్ నాడి ఒంటిని శాంతపరుస్తుంది. ఆందోళనకు ప్రాణాయామం పనిచేసేది ఎక్కువగా ఈ దారిలోనే. అదే శ్వాసను తొందరపెట్టినా, పంతానికి బిగబట్టినా ఫలితం తలకిందులవుతుంది. గురువు పక్కన లేకుండా టీవీ, ఫోన్ చూసి ఇంట్లో సాధన చేసేవారు ఈ సూచనలను తప్పక పాటించండి.

చేయవలసినవి

- బీపీ, గుండె జబ్బు, మూర్ఛ, ఆస్తమా, గ్లకోమా, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు మొదలుపెట్టే ముందే డాక్టరును అడగండి. “యోగా చేయవచ్చా” అని అడిగితే “చేయండి” అనే అంటారు. ఏ ఆసనం, ఏ ప్రాణాయామం అన్నది పేరు పెట్టి అడగండి.
- భోజనం తర్వాత మూడు, నాలుగు గంటలు ఆగండి.
- ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవారు పరగడుపున సాధనకు ముందు షుగర్ చూసుకోండి. గ్లూకోజ్ గానీ చక్కెర గానీ చేతికందేలా పెట్టుకోండి.
- గాలి ఆడే గదిలో కూర్చోండి. అగరుబత్తి, దోమల కాయిల్ ఆర్పేయండి. లేకపోతే లోతుగా పీల్చేది ఆ పొగనే.
- కింద కూర్చోలేనివారు కుర్చీలో కూర్చోండి. పాదాలు నేలకు ఆనాలి, వెన్ను నిటారుగా ఉండాలి.
- ముందు తేలికపాటి ఆసనాలు, తర్వాత ప్రాణాయామం, చివర శవాసనం చేయండి. యోగసూత్రాల్లో పతంజలి కూడా ఆసనం కుదిరాకే ప్రాణాయామం అన్నాడు.
- పొట్ట మీద చెయ్యి ఆనించి చూసుకోండి. పీల్చినప్పుడు పొట్ట ముందుకు రావాలి. భుజాలు లేస్తుంటే తప్పు చేస్తున్నారు.
- ముక్కుతో మూడు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, నాలుగు లెక్కపెడుతూ వదలండి. అది అలవాటయ్యాక నాలుగుకు పీల్చి ఆరుకు వదలండి. అంకెకు ఒక సెకను చొప్పున నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. మామూలుగా పెద్దలు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు కాబట్టి, ఆరుకు దిగడానికి కొన్ని వారాలు పట్టనివ్వండి.
- కొత్తవారు ఐదు నిమిషాలతో ఆపండి.
- తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదిలే భ్రామరిలో చెవి ముందరి మెత్తని భాగాన్ని మాత్రమే వేలితో మెల్లగా నొక్కండి. వేలిని చెవి లోపలికి దూర్చకండి.
- కళ్లు మూసుకుంటే భయం పెరిగేవారు, పాత చేదు జ్ఞాపకాలు ముసిరేవారు కళ్లు తెరిచే సాధన చేయండి. చూపును నేల మీద ఒకచోట నిలపండి. అప్పటికీ తగ్గకపోతే ఆ పూటకు లేచి నాలుగడుగులు నడవండి.
- శవాసనం నుంచి పక్కకు ఒత్తిగిలి, కాసేపు కూర్చుని, ఆ తర్వాతే నిలబడండి. బీపీ మాత్రలు వేసుకునేవారు గబుక్కున లేస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు.
- ముక్కును నీళ్లతో కడిగే జలనేతికి మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్లే వాడండి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు ముక్కులోకి పోస్తే ప్రాణాంతకమైన అమీబా మెదడుకు చేరే ప్రమాదం ఉంది. అరుదే, కానీ సోకితే బతకడం కష్టం.

చేయకూడనివి

- కళ్లు తిరుగుతున్నా, పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరెక్కుతున్నా సాధన కొనసాగించకండి. కొందరు దాన్ని శక్తి మేల్కొనడం అంటారు, నమ్మకండి. వేగంగా ఊపిరి తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడులో రక్తనాళాలు సన్నబడతాయి, మెదడుకు రక్తం తగ్గుతుంది. ఆపి, మామూలుగా ఊపిరి తీసుకుంటే కొద్దిసేపట్లో సర్దుకుంటుంది.
- ఆందోళన తగ్గాలని వేగంగా ఊపిరి కొట్టే కపాలభాతి, భస్త్రిక చేయకండి. అవి ఒంటిని ఉత్తేజపరిచేవి. నిద్ర పట్టనివారు రాత్రిపూట వాటి జోలికే వెళ్లకండి.
- బీపీ, గుండె జబ్బు, మూర్ఛ, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు ఆ రెండూ అసలు చేయకండి.
- గాభరాతో రొప్పుతున్న మనిషిని “గట్టిగా ఊపిరి పీల్చు” అనకండి. అప్పటికే ఎక్కువ పీలుస్తున్నారు. “మెల్లగా వదులు” అనండి.
- వారి చేత కవర్లోకి, కాగితం సంచిలోకి ఊపిరి వదిలించకండి. అది గుండెపోటో, ఆస్తమానో అయితే ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది.
- బీపీ, గుండె జబ్బు ఉన్నవారు కుంభకం పట్టకండి, అంటే ఊపిరి బిగబట్టకండి. మిగతావారు కూడా ముక్కుతూ, ముఖం ఎర్రబడేలా బిగబట్టకండి.
- ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబడతారని పిల్లలకు పందెం పెట్టకండి.
- నీళ్లలో శ్వాస సాధన చేయకండి. బావి, చెరువు, ఈతకొలను ఏదైనా సరే, గబగబా ఊపిరి తీసి వదిలి మునగకండి. కార్బన్ డయాక్సైడ్ తగ్గితే ఊపిరి కావాలన్న తహతహ ఆలస్యంగా పుడుతుంది. ఆలోపే ఆక్సిజన్ అయిపోయి నీటి అడుగున స్పృహ పోతుంది. ఈత బాగా వచ్చినవారే ఇలా ఎక్కువగా పోతారు.
- బండి నడుపుతూ, మేడ అంచున, పొయ్యి దగ్గర నిలబడి చేయకండి.
- శీర్షాసనం, సర్వాంగాసనం ఫోన్ చూసి నేర్చుకోకండి. తలకిందులైతే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. గ్లకోమా, రెటీనా సమస్య ఉన్నవారు గోడకు కాళ్లు పెట్టి చేసే విపరీతకరణి కూడా డాక్టరును అడగకుండా చేయకండి.
- మెడను గిర్రున తిప్పకండి, వెనక్కి విరవకండి.
- కాలు మొద్దుబారాక కూడా వజ్రాసనంలో కూర్చోకండి. మోకాలి పక్క నరం నలిగి పాదం వాలిపోయిన సంగతి వైద్య పత్రికల్లో 1971లోనే నమోదైంది.
- జలుబు, ఆస్తమా ఉన్నప్పుడు నాలుక చుట్టి నోటితో గాలి పీల్చే శీతలి చేయకండి.
- జూన్ 21న యోగా దినోత్సవం నాడు మైదానంలో అందరితో కలిసి చేస్తున్నప్పుడు మైకులో చెప్పే లెక్కకు మీ ఊపిరిని ఈడ్చకండి. వెనకబడితే పోయేదేమీ లేదు.
- బాగుందనిపించింది కదా అని బీపీ, మూర్ఛ, నిద్ర, డిప్రెషన్ మందులు ఆపకండి, సగానికి తగ్గించకండి. తగ్గించాలా వద్దా అన్నది రాసిన డాక్టరే చెప్పాలి.
- బైపోలార్, సైకోసిస్ ఉన్నవారిని గంటల తరబడి సాగే తీవ్ర శ్వాస శిబిరాలకు పంపకండి.
- ప్రాణాయామానికి దుష్ఫలితాలే ఉండవని చెప్పే శిక్షకుడి దగ్గర చేరకండి. తప్పుగా చేస్తే ఎక్కిళ్లు, దగ్గు, ఉబ్బసం, తల, చెవి, కంటి నొప్పులు వస్తాయని యోగ గ్రంథమైన హఠయోగ ప్రదీపికలోనే హెచ్చరిక ఉంది.

వెంటనే ఆపవలసిన గుర్తులు

ఛాతీలో బరువు, నొప్పి, చెయ్యి లాగడం, మాట తడబడటం, మూతి వంకరపోవడం, స్పృహ తప్పడం: వీటిలో ఏది కనిపించినా చాప మీదే పడుకోబెట్టి కాలయాపన చేయకండి. 108కి ఫోన్ చేయండి.

వారాల తరబడి దిగులు, నిద్రలేమి వదలకపోయినా, బతకాలనిపించకపోయినా ప్రాణాయామంతోనే నెట్టుకురాకండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. పగలూ రాత్రీ ఉచితంగా మాట్లాడతారు. తెలుగులో మాట్లాడేవారూ ఉంటారు.