మందు మింగితే విశ్వాసం తగ్గినట్టా?

ప్రశ్న: షుగరుకు తెనాలిలో డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడుతున్నాను. దేవుణ్ణి నమ్ముకున్నవాళ్లకు మందులెందుకని మా కూటంలో కొందరంటున్నారు. మానేయనా?
– ఒక సోదరి, రేపల్లె

జవాబు: మానొద్దమ్మా.

మనుషుల్ని నమ్ముకోవడం తప్పనడానికి కొందరు చూపే యిర్మీయా 17వ అధ్యాయం తప్పుపట్టింది మనుషుల సాయం తీసుకోవడాన్ని కాదు, దేవుణ్ణి వదిలి మనుషుల్నే ఆధారం చేసుకోవడాన్ని. హిజ్కియా రాజు పుండుతో జబ్బుపడి కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. అయినా యెషయా ప్రవక్త ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు.

మన ప్రాంతంలోనే చూడండి. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వస్తే కలెక్టర్ స్టోక్స్ అండగా నిలిచారు. హయ్యర్ ఆ అండను కాదనలేదు. తర్వాత అమెరికా వెళ్లి, యాభై దాటిన వయసులో వైద్యం చదివి 1848లో తిరిగొచ్చారు. అధికారమూ చదువూ ఆయనకు పనిముట్లే, ఆధారం మాత్రం దేవుడే.

బాపట్లలోనైనా రేపల్లెలోనైనా ఇదే మాట: ప్రార్థన చేయించుకోండి, డాక్టరు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా ఆపొద్దు.