కంటికి కట్టిన అంటు

తిరువూరు ప్రాంతమున మామిడితోటలు విస్తారముగా గలవు. కాపు ముగిసిన పిమ్మట రైతు ముదురుకొమ్మలను కత్తిరించును. కొన్ని వారములకు ఆ కొమ్మల చివర ఎఱ్ఱని లేజిగుళ్లు వేయును. చిగురును పుట్టించు కణములు చెట్టులో జీవించియుండుటయే ఇందులకు కారణము.

మనుష్యదేహమునందును ఇట్టి శక్తి గలదు. గీచుకొనిన చర్మము మానును. విఱిగిన యెముక అతుకుకొనును. తమవంటి కణములను పుట్టించుకొనుచు, అరిగిపోయిన కణములకు బదులు క్రొత్తవానిని సమకూర్చు కణములు దేహమున గలవు. వీనికి మూలకణములని పేరు.

నల్లగ్రుడ్డుపై అద్దమువంటి పారదర్శకమైన పొర యొకటి గలదు. దానిని శుక్లపటలమందురు. దాని పైతొడుగు నిత్యము అరిగిపోవుచు, వారము పది దినములలో క్రొత్తదగుచుండును. ఆ క్రొత్త కణములు ఎచ్చటనుండి వచ్చును? నల్లగ్రుడ్డును తెల్లగ్రుడ్డును కలియు సన్నని అంచునుండి వచ్చును. అచ్చటి మూలకణములే వానికి పుట్టినిల్లు.

ఈ అంచునకు సున్నము పరమశత్రువు. ఇండ్లకు వెల్లవేయునపుడును, తాంబూలపు సున్నపు పొట్లమును పసివారు నొక్కునపుడును అది కంట చిందుట కలదు. సున్నము క్షారమగుటచే సాధారణముగా ఆమ్లములకంటె లోతుగా చొచ్చును. మూలకణములు నశించినచో, తెల్లగ్రుడ్డుపై పొర రక్తనాళములతో నల్లగ్రుడ్డుమీదికి ప్రాకి చూపును కప్పివేయును. అట్టి కంటికి దానముగా లభించిన శుక్లపటలమును అమర్చినను, దాని పైతొడుగును పునరుద్ధరించు కణములు లేనందున అది నిలువదు.

మఱి ఉపాయమేమి? రైతు మేలుజాతి చెట్టు కొమ్మను తెచ్చి వేఱొక మొక్కకు అంటు కట్టును గదా! వైద్యులును అట్టి పనియే చేసిరి. 1997లో ఇటలీ శాస్త్రజ్ఞులు రోగి మంచికంటి అంచునుండి కణములను గైకొని, ప్రయోగశాలలో పెంచి, చెడినకంట నాటిన వృత్తాంతమును ప్రకటించిరి.

డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదున నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో 2001లో ఈ చికిత్స ఆరంభమయ్యెను. 200 మందికి చేసిన చికిత్సలో నూటికి 71 వంతున సఫలమైనదని డాక్టరు వీరేంద్ర సంగ్వాన్ బృందము 2011లో తెలిపెను. ఆ మఱుసటి సంవత్సరమే ప్రయోగశాల అక్కఱలేని సులభపద్ధతిని వెల్లడించెను. మంచికంటినుండి రెండు మిల్లీమీటర్ల పొడవు వెడల్పులు గల ముక్కను తీసి, చిన్న తునుకలు చేసి, చెడినకంటిపై పఱచిన పొరమీద అంటింతురు. తల్లిగర్భమున శిశువును ఆవరించియుండు పలుచని పొరయే అది. తునుకలనుండి కణములు వెలువడి, కొన్ని వారములలో నల్లగ్రుడ్డునంతయు కప్పును. 2016లో ప్రకటించిన ఫలితములలో ఈ చికిత్స 125 మందిలో 95 మందికి సఫలమయ్యెను.

ఇందు వైద్యుడు కణములను సృష్టింపలేదు. దేహమున నున్నవానికి క్రొత్తచోటు చూపెను. అయితే మూలకణములతో సర్వరోగములు కుదురునను ప్రకటనలను నమ్మరాదు. నిరూపితమైన చికిత్సలు కొన్నియే.

పోయినదానిని తెచ్చుటకంటె ఉన్నదానిని కాపాడుట మేలు. కంట సున్నము పడిన తక్షణమే, నలుపక, ఱెప్పలు విప్పి, మంచినీటిధారతో కనీసము పదునైదు నిమిషములు కడుగవలెను. పాలుగాని, నూనెగాని, ఆకుపసరుగాని పోయరాదు. పిమ్మట ఆలసింపక నేత్రవైద్యునికడకు గొనిపోవలెను. ఆ తొలినిమిషముల నీరే పసివాని కంటివెలుగును నిలుపగలదు.