రహీము గారి ప్రయాణములు

వట్టికాళ్లతో బంతియాట లాడు మన ఏర్గట్ల బాలురకు హైదరాబాదు ఉపాధ్యాయు డొకరి వృత్తాంతము చెప్పెదము. 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీము గారు బడిపంతులుగా నుండి ఫుట్‌బాలు శిక్షకులైరి. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలందు వారి శిక్షణలోని భారతజట్టు స్వర్ణపతకము గెలిచెను. మరుసటియేడు హెల్సింకిలో మనవారు, పెక్కురు బూట్లు లేకయే యాడి, యుగోస్లావియాచేత 10–1 గోలులతో ఓడిరి. ఉపాధ్యాయులమగు మాకు గెలుపుకంటె ఈ యోటమి తరువాతి కథయే యెక్కువ ప్రియము. బూట్లతో ఆట సాగెను. అలవాటులేని కాలితోనే తన్నవలెనను పోటీలను రహీము గారు పెట్టిరి. (కుడికాలివాటము గల బాలుడు రేపు ఎడమకాలితో తన్ని చూచునుగాక!) 1956లో మెల్‌బోర్నునందు మనజట్టు ఆస్ట్రేలియాను 4–2తో నోడించి, తుదకు నాలుగవ స్థానము పొందెను. 1962లో కాన్సరుతో బాధపడుచునే వారు జట్టును జకార్తాకు తోడ్కొనిపోయిరి. దక్షిణ కొరియాపై 2–1తో మరల స్వర్ణము లభించెను. 1963 జూను 11న రహీము గారు మరణించిరి.