పాత ఆవిరి యంత్రము, చిన్న పడవ

మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు గడచిన జూలై నెలలో ఒక తగరపు పెట్టెను పాఠశాలకు తెచ్చెను. అందు మూరెడు పొడవుగల కొయ్య పడవయు, నూనె గుడ్డలో చుట్టిన చిన్న ఆవిరి యంత్రమును, ఇత్తడి బాయిలరును ఉండెను. అవి ఆ బాలుని తాతగారివి. ఆయన రైలు యింజనులపై ఫైరుమానుగా చాలకాలము పనిచేసి విశ్రాంతి పొందినవారు. యౌవనమున ఒక పాత సామానుల అంగడిలో కొన్న యీ పడవను ఆయన నలువది యేండ్లుగా నీట దింపలేదు. చేతులు వణకుచున్నవి కనుక తాను బాగుచేయజాలననియు, అది నీటిపై నడచుట మరి యొకసారి చూడవలెనని కోరిక గలదనియు ఆయన చెప్పి పంపిరి. నవంబరులో జరుగు వార్షికోత్సవము నాటికి దానిని నడిపింపవలెనని మేము, అనగా విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడును ఆరుగురు విద్యార్థులును, నిశ్చయించుకొంటిమి. ఆ పని జరిగిన తీరును, అందు మేము నేర్చిన పాఠమును చదువరులకు విన్నవించుచున్నాము.

మొదట యంత్రము పనిచేయు విధమును తెలిసికొందము. మాకు దొరకినది ఊగు సిలిండరు యంత్రము. ఇందు సిలిండరు స్థిరముగా నుండక ఒక చీలపై ఉయ్యెలవలె ఇటునటు ఊగును. దాని వెనుక ముఖమున ఒక రంధ్రము కలదు. ఆ ముఖము ఆనియుండు నిలువు పలకకు రెండు రంధ్రములు గలవు. ఒకటి బాయిలరునుండి ఆవిరి వచ్చు మార్గము. రెండవది వాడిన ఆవిరి వెలికిపోవు మార్గము. సిలిండరు ఒక వైపునకు ఒరగినపుడు దాని రంధ్రము మొదటి మార్గముతో కలియును. అపుడు ఆవిరి లోపల చొచ్చి పిస్టనును త్రోయును. పిస్టను కడ్డీ క్రాంకును త్రిప్పును. క్రాంకు తిరుగగా సిలిండరు రెండవ వైపునకు ఒరగి, వాడిన ఆవిరిని విడిచిపెట్టును. చుట్టులో సగమునందే త్రోపు గలదు. మిగిలిన సగమును బరువైన గతిచక్రము తన వేగముచే దాటించును. ఇందు వేరుగ కవాటములు లేవు. సిలిండరు ఊగుటయే కవాటము చేయవలసిన పనిని చేయుచున్నది.

మా యంత్రపు పిస్టను అడ్డుకొలత 12 మిల్లీమీటర్లు. కావున దాని వైశాల్యము 1.13 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరునకు 2 కిలోగ్రాముల ఒత్తిడితో ఆవిరి వచ్చినచో పిస్టనుపై పడు త్రోపు రెండుంబావు కిలోగ్రాములు. చిన్న పడవకు ఇది చాలును.

పెట్టె తెరచిన నాడే విద్యార్థులు బాయిలరులో నీరు పోసి దీపము వెలిగింపవలెనని తొందరపడిరి. యంత్రము చేతితో త్రిప్పిన తిరుగుచుండెను. బాయిలరు బయటికి చక్కగనే యుండెను. ఆ సాయంకాలము పెట్టెతో కూడ వచ్చిన తాతగారు చేయి యడ్డముపెట్టి, "నాయనలారా, ముందు లెక్క వేయుడు, తరువాత అగ్గిపుల్ల గీయుడు" అనిరి. మేము నల్లబల్లపై లెక్క వేసితిమి. బాయిలరు అడ్డుకొలత 5 సెంటీమీటర్లు, పొడవు 10 సెంటీమీటర్లు. లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 2 కిలోగ్రాములైనపుడు ఆ గొట్టమును నిలువుగ రెండు పాయలుగ చీల్చుటకు యత్నించు బలము 5×10×2, అనగా 100 కిలోగ్రాములు. అరచేతిలో ఇముడు ఆ ఇత్తడి గొట్టములో అంత బలము దాగియుండునని తెలిసి మేమందరము అగ్గిపెట్టెను బల్లపై నుంచితిమి.

అంతియే కాదు. ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీలకు మరగదు. సుమారు 133 డిగ్రీల వేడిమి వరకు నీరుగనే యుండును. బాయిలరు హఠాత్తుగ పగిలినచో ఆ నీటిలో నూటికి సుమారు 6 పాళ్లు తత్క్షణమే ఆవిరిగ మారును. ఆవిరి యైన నీరు తన మునుపటి చోటుకంటె 1,600 రెట్ల పైబడి చోటు కోరును. బాయిలరులోని ప్రమాదమంతయు ఇందే యున్నది.

కావున పాత బాయిలరును ఆవిరితో పరీక్షింపరాదు. చల్లని నీటితో పరీక్షింపవలెను. నీరు అణగి యుండు వస్తువు కాదు. అతుకు విడిపోయినచో రెండు చుక్కలు కారి ఒత్తిడి చప్పున పడిపోవును గాని, ఏదియు ఎగిరి మీదికి రాదు. మేము బాయిలరులో గాలి బుడగయైన లేకుండ నీరు నింపి, గేజిని బిగించి, చిన్న చేతిపంపుతో ఒత్తిడి పెంచితిమి. పనిచేయు ఒత్తిడికి రెట్టింపు, అనగా 4 కిలోగ్రాముల వరకు నిలువవలెనని మా నియమము. గేజి ముల్లు ఒకటిన్నర దాటకమునుపే అడుగు అతుకునుండి నీరు చెమటవలె పుట్టి, పిదప దారమువలె కారెను. సేఫ్టీ వాల్వును విప్పి చూడగా అందలి బంతి సున్నపు పెచ్చుతో తన స్థానమును కరచుకొని యుండెను. స్ప్రింగు తుప్పుపట్టి బిగిసి యుండెను. మొదటినాడే దీపము వెలిగించి యున్నచో ఒత్తిడి పెరుగుటను ఆపునది ఏదియు లేదు. ఆ బల్ల చుట్టు మూగిన వారి కన్నులు బాయిలరునకు జానెడు దూరమున నుండెడివి.

అతుకు ఏల చెడెను? అది సీసమును తగరమును కలిపిన మెత్తని మాటు. అట్టి మాటు 183 డిగ్రీల దాపున కరగుటకు మొదలిడును. బాయిలరులో నీరున్నంతవరకు లోహపు వేడిమి అంతవరకు పోదు. నీరింకిపోయి దీపము మండుచునే యున్నచో కొద్ది నిమిషములలో మాటు కరగును. బాయిలరు అడుగు రంగు మారి యుండుటచే పూర్వమెన్నడో అట్లు జరిగినదని తెలిసికొంటిమి.

ఇక ఉత్సవమునకు మూడు వారములే మిగిలెను. పైపైన మరల మాటు వేసిన ఒక్కనాటికి నిలుచునని కొందరు విద్యార్థులు వాదించిరి. ఆహ్వాన పత్రికలో పడవ సంగతి అప్పటికే అచ్చుపడెను. మాకును మనస్సు ఊగెను. సంగతి విన్న తాతగారు, "బాయిలరునకు ఉత్సవ దినమని తెలియదు, నాయనలారా. అతుకునకు ఎంత బలమున్నదో అంతే దానికి తెలియును" అనిరి. పడవను చూడవలెనని అందరికంటె ఎక్కువగ కోరినవారే ఆ మాట యనిన పిమ్మట మేము మరల వాదింపలేదు. పాత బాయిలరును ఇక ఎన్నడును వేడిచేయరాదని నిర్ణయించితిమి.

పిదప యంత్రముపై దృష్టి నిలిపితిమి. దానిని విప్పుటకు ముందు ప్రతి భాగమునకును బొమ్మ గీచి, మరలను వరుసగ గుంటల పళ్లెములో నుంచితిమి. బిగిసిన మరలను బలముతో త్రిప్పక రాత్రియంతయు కిరసనాయిలులో నానబెట్టితిమి. ఇంట ఇత్తడి చెంబును చింతపండుతోను బూడిదతోను తోమినట్లు యంత్రమును తోమరాదు. సిలిండరు ముఖమున ఒక్క గీత పడినను అందుగుండ ఆవిరి జారిపోవును. ముఖము సమముగ నున్నదో లేదో చూచుటకు నూనెలో కలిపిన దీపపు మసిని పలకపై పలుచగ పూసి సిలిండరును అద్దితిమి. మసి అంటని చోటు పల్లమని తెలిసెను. దళసరి అద్దపు బిళ్లపై మిక్కిలి సన్నని గరుకు కాగితము పరచి, నూనె వేసి, 8 అంకె ఆకారమున మెల్లగ రుద్దగా నాలుగు దినములకు ముఖమంతయు సమముగ నానెను.

ఇచట ఒక హెచ్చరిక. పిస్టను గాడిలో తెల్లని నార చుట్టి యుండెను. పాత యంత్రములలో అట్టి నార తరచుగ ఆస్బెస్టాసు. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమైన రోగములను కలిగించును. అందుచే విద్యార్థులను దూరముగ నుంచి, ఉపాధ్యాయుడే తగిన మాస్కు ధరించి, నారను నీటితో బాగుగ తడిపి తీసి, మూతగల సీసాలో భద్రపరచెను. దాని స్థానమున గ్రాఫైటు పూసిన దారమును చుట్టితిమి.

చిన్న యంత్రమును బాగుచేయుట పిల్లలాటయని కొందరు నవ్విరి. వారికి మేము గ్లాస్గో నగరపు కథను చెప్పితిమి. ఆ నగరపు విశ్వవిద్యాలయములో న్యూకామెన్ ఆవిరి యంత్రపు నమూనా యొకటి చెడియుండగా, 1763-64 చలికాలమున దానిని బాగుచేయు పని జేమ్సు వాట్ అను పనిముట్లు చేయువానికి వచ్చెను. అతడు దానిని తిరుగునట్లు చేసి ఊరకుండలేదు. కొన్ని చుట్లకే ఆవిరి చాలకపోవుటకు కారణమేమని వెదకెను. ఆవిరిని నీరుగ మార్చుటకై సిలిండరును ప్రతిసారియు చల్లబరచుటచే, మరల వచ్చిన ఆవిరిలో చాల భాగము ఆ సిలిండరును వేడిచేయుటకే ఖర్చగుచున్నదని కనుగొనెను. 1765లో ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చు ఉపాయము అతనికి తోచెను. 1769లో దానికి పేటెంటు పొందెను. లోకమును మార్చిన యంత్రము ఒక బొమ్మ యంత్రపు మరమ్మతునుండి పుట్టెను. ఆ నమూనా నేటికిని గ్లాస్గో విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో నున్నది.

వార్షికోత్సవము నాడు పడవ నీటిలో దిగలేదు. సైకిలు పంపుతో గాలి కొట్టి యంత్రమును మాత్రము బల్లపై త్రిప్పి చూపితిమి. దాని ప్రక్కన అతుకు విడిన బాయిలరును, నల్లబల్లపై 100 కిలోగ్రాముల లెక్కను ఉంచితిమి. పడవ నడువలేదేమని పలువురు తలిదండ్రులు అడిగిరి. అడిగిన ప్రతివారికిని విద్యార్థులే లెక్కను వివరించిరి.

పిదప క్రొత్త బాయిలరు పని సాగెను. ఒకటిన్నర మిల్లీమీటరు మందముగల రాగి గొట్టమునకు రెండు రాగి మూతలు పెట్టి, మూతలు ఉబ్బకుండ నడుమ ఒక కడ్డీని ఇటునుండి అటు బిగించి, ఫ్రిజ్జులు బాగుచేయు మెకానిక్కు ఒకరు వెండి మాటు వేసి యిచ్చిరి. వెండి మాటు కరగుటకు 600 డిగ్రీలకు మించిన వేడిమి కావలెను. నీటి పరీక్షలో గేజి ముల్లు 4 కిలోగ్రాముల వద్ద పావుగంట కదలక నిలిచెను. క్రొత్త సేఫ్టీ వాల్వు 2 కిలోగ్రాములకు తెరచుకొనుటను మూడు మారులు చూచితిమి. ఉపాధ్యాయుడు తాతగారితో కలిసి బయలులో మొదటి దీపము వెలిగించెను. విద్యార్థులు దూరముననే నిలిచిరి. స్పిరిటు మంట ఎండలో కనబడదు గనుక ఆ పని నీడలోనే చేసితిమి.

పడవ, యంత్రము, బాయిలరు, నీరు, దీపము కలిసి 1,300 గ్రాములు తూగెను. కావున పడవ 1,300 ఘన సెంటీమీటర్ల నీటిని తొలగించునంత లోతు మునుగవలెను. బాయిలరు ఎత్తుగ నున్నచో పడవ ఒరగును గనుక దానిని వీలైనంత అడుగున అమర్చితిమి. బాయిలరులో 115 మిల్లీలీటర్ల నీరు పోసి, దీపములో 20 మిల్లీలీటర్ల స్పిరిటు మాత్రమే పోసితిమి. నీరు తరుగకమునుపే మంట ఆరిపోవలెననునది ఇందలి నియమము.

ఫిబ్రవరిలో ఒక ఉదయమున పాఠశాల తోటలోని నీటి తొట్టిలో పడవను దింపి, వెనుక సన్నని త్రాడు కట్టితిమి. మొదట యంత్రము వేడినీటిని ఉమ్మి రెండు మారులు ఆగెను. చల్లని సిలిండరు ఆవిరిని నీరుగ మార్చుచున్నదని విద్యార్థు లొక్కమారుగ వాట్ పేరు చెప్పిరి. సిలిండరు వేడెక్కిన పిమ్మట గతిచక్రము ఆగక తిరిగెను. పడవ 8 నిమిషములు తొట్టి చుట్టు నడచెను. తాతగారు కుర్చీలో కూర్చుండి, ఏమియు పలుకక ఆ సవ్వడిని వినుచుండిరి. మంట ఆరి పడవ నిలిచినపుడు పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఆయన మాత్రము, "బాయిలరులో నీ రెంత మిగిలినదో కొలిచితిరా?" అని యడిగిరి.

కొలిచితిమి. 80 మిల్లీలీటర్లు మిగిలెను. ఆయన తల యూచి, ఆ తగరపు పెట్టెను పాఠశాలకే యిచ్చి వెళ్లిరి.

విద్యార్థులారా, మీ యిండ్లలోను పాత యంత్రములు మూలల నుండును. వానిని తెరచుడు, తుడువుడు, తెలిసికొనుడు. అగ్గిపుల్ల గీయుటకు ముందు మాత్రము లెక్క వేయుడు. పెద్దలను దగ్గర నుంచుకొనుడు. పని ముగిసిన పిమ్మట మిగిలిన నీటిని కొలువుడు.